దుకాణంలో బాగుండి ఇంట్లో ఆగిపోయిన సిస్టమ్: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో కంప్యూటర్ల మరమ్మతు నా వృత్తి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఇటు చేరిన ఊరు ఇది. పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, ఆఫీసుల్లో ఒడియా, కంపెనీల కస్టమర్ కేర్‌తో వచ్చినంత హిందీ. ఈ కేసులో ఆ సంగతికీ కొంత పని ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. చెడిపోయిన భాగం నిజంగానే దొరికింది, దాన్ని తీసేశాను, అయినా జబ్బు పోలేదు. అలాంటప్పుడు ఎక్కడ తప్పు ఆలోచించానో, ఎక్కడ దారి మారిందో నాలాంటి పని చేసేవాళ్లకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను. ఆ ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

తల్లి, తండ్రి, ప్లస్ టూ చదివే కూతురు ఉండే ఇల్లు అది. 2022లో ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ డెస్క్‌టాప్ కొన్నారు: సన్నని డబ్బా, ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, ఏడాది వారంటీ. మామూలు అసెంబుల్డ్ సిస్టమ్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా లోపలి ఎస్ఎంపీఎస్‌లో, అంటే గోడ కరెంటును తగ్గించి భాగాలన్నిటికీ అందించే పవర్ సప్లైలో ఉంది. బజారులో దొరికే ఎస్ఎంపీఎస్ ఈ డబ్బాలో పట్టదు. పట్టినా దాని 24 పిన్నుల కనెక్టర్ ఈ మదర్‌బోర్డుకు కలవదు, ఎందుకంటే కంపెనీ తనకు తగ్గ కనెక్టరు తానే పెట్టుకుంది. అది చెడిపోతే అదే మోడల్ వెతుక్కోవాలి. రెడీమేడ్ సిస్టమ్‌లు నాసిరకమని నేను అనను. అనుమానం వచ్చిన భాగాన్ని మార్చి చూసే వెసులుబాటు మాత్రం వాటిలో తక్కువ. మా పనిలో సగం అలా మార్చి చూడటమే.

వచ్చిన ఫిర్యాదు

వారంటీ ముగిసిన రెండో నెలలో నా దగ్గరకు వచ్చారు. తల్లి చెప్పిన మాట: "సిస్టమ్ ఆగిపోతోంది బాబూ." తెలుగులో ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. తెర మీద బొమ్మ బిగుసుకుపోయి మౌస్ కదలకపోవడం ఒకటి, నీలి తెర వచ్చి ఏదో కోడ్ చూపించి మళ్లీ లేవడం ఇంకొకటి. ఏ హెచ్చరికా లేకుండా చీకటైపోయి వెంటనే దానంతటదే మొదటి నుంచి లేవడం మూడోది. పూర్తిగా ఆరిపోయి బటన్ నొక్కేదాకా లేవకపోవడం నాలుగోది. ఈ నాలుగింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

వారంటీలో ఉండగా కూతురు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఇదే మాటను హిందీలోకి మార్చి చెప్పింది. అటువైపు "హ్యాంగ్ అవుతోంది" అని రాసుకున్నారు. హ్యాంగ్ అంటే సాఫ్ట్‌వేర్ అనే లెక్కన విండోస్ రీసెట్ చేయించి ఫిర్యాదును మూసేశారు. తరువాత ఇంకో దుకాణంలో "ర్యామ్ చాలడం లేదు" అని 4 జీబీ స్టిక్ ఒకటి అదనంగా వేసి, విండోస్ మళ్లీ ఎక్కించారు. అప్పటి నుంచి ఆగిపోవడం ఎక్కువైంది. అమ్మాయి రెండు వారాలు కష్టపడి చేసుకున్న ప్రాజెక్టు ఫైలు ఒక సాయంత్రం తెరవకుండా పోయింది. ఆ తరువాతే నా దగ్గరకు తెచ్చారు.

తెర ఏ రంగులో ఉంటుందని అమ్మాయిని అడిగాను. "ఒక్కోసారి నీలం అంకుల్, ఒక్కోసారి ఏమీ ఉండదు, ఒక్కసారే నల్లగా అయిపోతుంది" అంది. ఇంకో మాట కూడా చేర్చింది: "డబ్బా వెనకాల ముట్టుకుంటే చురుక్కుమంటుంది." మొదటి మాటలో రెండు జబ్బులు ఉన్నాయి. రెండో మాటలో ఆ ఇంటి వైరింగ్ గురించిన సమాచారం ఉంది. రెండూ విన్నాను, కానీ జాబ్ కార్డు మీద "ఆగిపోవడం, బ్లూ స్క్రీన్" అని మాత్రమే రాసుకున్నాను.

మొదటి ప్రయత్నం

విండోస్ మళ్లీ ఎక్కించకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. రెండుసార్లు ఎక్కించినా పోని జబ్బు మూడోసారి పోతుందనుకోవడానికి ఆధారం లేదు. పైగా ఎక్కించిన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లోని, అంటే సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ సమయంతో రాసుకునే చిట్టాలోని చరిత్ర మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అసలు జబ్బు ఎప్పుడు, ఏ వేళల్లో వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ ఇంట్లో అదొక్కటే.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి చివరి ఎంట్రీ చూశాను. కెర్నల్-పవర్ 41, అంటే సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని అర్థం. ఆ ఎంట్రీ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే అంకె ఉంటుంది. అక్కడ 26 ఉంది. ఈ అంకె దశాంశంలో కనిపిస్తుంది. పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో అది 1ఏ, మెమొరీ మేనేజ్‌మెంట్ అనే బ్లూ స్క్రీన్. వెంటనే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం నడిపాను. రెండు స్టిక్‌లతో రెండో విడత పరీక్షలో తప్పులు వచ్చాయి. ఒక్కొక్కటిగా తీసి నడిపితే, అదనంగా వేసిన 4 జీబీ స్టిక్ ఒక్కదానికే తప్పులు వచ్చాయి. స్లాట్ లోపం కావచ్చునని అదే స్టిక్‌ను వేరే మదర్‌బోర్డులో పెట్టి చూశాను; అక్కడా తప్పులే. స్టిక్ చెడ్డదని నిర్ధారణ అయింది.

దాన్ని తీసేసి, దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కు థర్మల్ పేస్ట్ మార్చి రెండు రోజులు లోడ్ మీద దుకాణంలో నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సమస్య తీరిందని చెప్పి పంపేశాను. నాలుగో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది.

రెండో ప్రయత్నం, దాని వైఫల్యం

ఈసారి ఒక్క ఎంట్రీ కాకుండా, విండోస్ చివరిసారి ఎక్కించిన నాటి నుంచి ఉన్న 41 నంబరు ఎంట్రీలన్నీ తేదీ, సమయం, కోడ్‌తో సహా నోట్‌బుక్‌లో వరుసగా రాశాను. మొత్తం 23. వాటిలో కోడ్ 26 ఉన్నవి నాలుగే. మిగిలిన 19 ఎంట్రీల్లో కోడ్ సున్నా. కోడ్ సున్నా అంటే విండోస్‌కు తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు: కరెంటు పోయింది, లేదా హార్డ్‌వేర్ ఉన్నపళంగా రీసెట్ అయింది. నేను బాగుచేసింది ఆ నాలుగింటిని. చివరి ఎంట్రీ వాటిలో ఒకటి కావడం యాదృచ్ఛికం, దాన్నే మొత్తం కథ అనుకోవడం నా పొరపాటు.

ఆ 19లో 17 సాయంత్రం ఆరున్నర, తొమ్మిదిన్నర మధ్య జరిగాయి. మిగతా రెండూ పొద్దున్న ఆరు ప్రాంతంలో. మధ్యాహ్నం ఒక్కటీ లేదు. వేడి కారణమైతే మధ్యాహ్నాలు ఎక్కువ ఉండాలి. పైగా నేను తీసిన ఉష్ణోగ్రతలు బాగానే ఉన్నాయి. పని భారం కారణమైతే ఆదివారం పగలంతా అవే వీడియో పాఠాలు చూసినప్పుడు కూడా రావాలి. ఈ పట్టిక చూస్తూ కూడా నేను డబ్బా బయటకు ఆలోచించలేదు. "కరెంటు పోయింది" అన్న ఆధారాన్ని "ఎస్ఎంపీఎస్ బలహీనపడింది" అని చదువుకున్నాను. సాయంత్రమే ఎందుకు అన్న ప్రశ్నను పక్కన పెట్టేశాను.

మల్టీమీటరుతో 12 వోల్టుల లైను చూస్తే ఊరికే ఉన్నప్పుడు 12.1, లోడ్ మీద 11.9 వచ్చింది. 11.4 నుంచి 12.6 వరకు అనుమతించదగిన పరిధి కాబట్టి ఇది మంచి కొలతే. కానీ మామూలు మల్టీమీటరు సెకనుకు రెండు మూడుసార్లు మాత్రమే అంకె మారుస్తుంది. పది, ఇరవై మిల్లీసెకన్ల పాటు పడిపోయి లేచే వోల్టేజిని అది చూపించలేదు. అందుకని కొలత బాగున్నా అనుమానం వదల్లేదు. అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ఎస్ఎంపీఎస్ విశాఖపట్నం నుంచి తెప్పించి, నా దగ్గర పరీక్షించి బిగించాను. తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. బిగించిన రెండో సాయంత్రమే మళ్లీ రీస్టార్ట్ అయింది.

ఈ వైఫల్యం ఏం చెప్పిందో జాగ్రత్తగా చూడాలి. "ఎస్ఎంపీఎస్ కారణం కాదు" అని అది చెప్పలేదు. పాత ఎస్ఎంపీఎస్‌కు ప్రత్యేకంగా ఏ జబ్బూ లేదని మాత్రమే చెప్పింది. ఒకే మోడల్‌తో మారిస్తే ఆ మోడల్‌కే ఉన్న పరిమితి రెండింటిలోనూ ఉంటుంది. వేరే మోడల్ బిగించే వీలుంటే ఈ తేడా ఒక్క రోజులో తెలిసేది. రెడీమేడ్ డబ్బాలో ఆ వీలు లేదు.

సాయంత్రం ఆ ఇంట్లో

అప్పుడు సిస్టమ్‌ను దుకాణానికి తేవడం మానేసి నేనే వెళ్లాను. కారణం స్పష్టం: నా బెంచీ మీద యూపీఎస్ ఉంది, స్టెబిలైజర్ ఉంది, ఎప్పుడూ 230 వోల్టులు ఉంటాయి. డబ్బాను దుకాణానికి తెచ్చిన ప్రతిసారీ జబ్బును ఇంట్లోనే వదిలి తెస్తున్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు సాకెట్‌లో 226 వోల్టులు ఉన్నాయి. ఆరున్నరకు 201. ఏడు దాటాక 186. పక్క ఇళ్లలో నీళ్ల మోటారు వేసినప్పుడల్లా మరో ఏడెనిమిది వోల్టులు దిగి, నెమ్మదిగా లేస్తోంది. వరండా గోడకున్న ఇన్వర్టర్‌లో "టక్" మని రిలే (లైనుకూ బ్యాటరీకీ మధ్య మార్చే స్విచ్) చప్పుడు వినిపించింది, దాని మీద ఒక దీపం ఆరి ఇంకొకటి వెలిగింది. ఇంట్లో ఫ్యాను గానీ లైటు గానీ ఆగలేదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. కొద్దిసేపటికి మళ్లీ "టక్". ఆ రెండో చప్పుడుతోపాటే తెర నల్లబడి, కంపెనీ గుర్తు ప్రత్యక్షమైంది. గంటన్నరలో పద్నాలుగుసార్లు రిలే కొట్టింది, రెండుసార్లు సిస్టమ్ రీస్టార్ట్ అయింది. రెండుసార్లూ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి లైనుకు తిరిగి వచ్చే క్షణంలోనే.

ఇన్వర్టర్ వెనుక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంది. కంప్యూటర్ ఉన్న ఇంట్లో అలాగే పెట్టాలని అందరం చెబుతాం. ఆ మోడ్‌లో మార్పిడి వేగంగా జరుగుతుంది, కానీ లైను వోల్టేజి 180 కిందకు దిగితే అది బ్యాటరీకి మారిపోతుంది, కాస్త లేవగానే తిరిగి వస్తుంది. ఈ వీధిలో సాయంత్రం వోల్టేజి సరిగ్గా ఆ గీత మీదే ఊగుతోంది.

తరువాత ఎస్ఎంపీఎస్ మీది లేబుల్ చదివాను. వాట్లు అందరం చదువుతాం, నేనూ చదివాను. దాని పక్కనే ఇన్‌పుట్ 200–240 వోల్టులు అని ముద్రించి ఉంది. ఆ ఇంట్లో సాయంత్రాలన్నీ ఆ పరిధికి బయటే గడుస్తున్నాయి.

ఎస్ఎంపీఎస్ లోపల లైను కరెంటును నిల్వ పట్టే పెద్ద కెపాసిటర్ ఉంటుంది. లైను ఒక్క క్షణం తెగినా ఆ నిల్వతోనే బండి నడుస్తుంది. డెస్క్‌టాప్ పవర్ సప్లైల కోసం ఉన్న ఏటీఎక్స్ డిజైన్ ప్రమాణం ఆ వ్యవధి సుమారు 16 మిల్లీసెకన్లు ఉండాలంటుంది, అది కూడా లేబుల్ మీద చెప్పిన వోల్టేజి ఉన్నప్పుడు. ఈ రకం ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్ లైను వోల్టేజి శిఖరం దాకా నిండుతుంది: 230 వోల్టుల లైనుకు సుమారు 325, 180 వోల్టుల లైనుకు సుమారు 254. నిల్వ ఉండే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 180 దగ్గర మిగిలేది 61 శాతమే. అందులోనూ ఒక స్థాయి కిందకు పోతే ఎస్ఎంపీఎస్ పనిచేయదు కాబట్టి నిజంగా అక్కరకొచ్చేది ఇంకా తక్కువ. ఇక ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం. దాని తరంగం నెత్తి చదునుగా ఉంటుంది, శిఖరం సైన్ వేవ్ కంటే తక్కువ. బ్యాటరీ మీద ఉన్నంతసేపూ కెపాసిటర్ సగం ఆకలితో ఉంటుంది. లైనుకు తిరిగి వచ్చేటప్పుడే ఆగిపోవడానికి నాకు తోచిన కారణం ఇదే, చూసినదానికి అది సరిపోయింది కూడా.

చురుక్కుమనడం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎర్త్ సరిగ్గా ఉన్న ఇంట్లో డబ్బా అలా కొట్టదు. ఎస్ఎంపీఎస్‌లో లైను నుంచి బాడీకి వేసిన చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్ను ఎక్కడికీ పోకపోతే వాటి ద్వారా వచ్చే కొద్దిపాటి కరెంటు బాడీ మీదే నిలిచి వేలికి తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించాను. ఆకుపచ్చ తీగ సాకెట్ నుంచి బయలుదేరి బోర్డు లోపలే చుట్ట చుట్టుకుని ఉంది, కొస మీద ఇన్సులేషన్ కూడా ఒలవలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఆ గది వైరింగ్ హడావుడిగా మార్పించామని తండ్రి చెప్పారు. ఆ రోజుల్లో ఈ జిల్లాలో కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాళ్లకు ఆ హడావుడి అర్థమవుతుంది.

ఎర్త్ లేకపోవడమే రీస్టార్టులకు కారణమని నేను చెప్పను. అందుకు నా దగ్గర ఆధారం లేదు. కానీ మనిషి ప్రాణానికి సంబంధించినది కాబట్టి మిగతా ఏ పనికన్నా ముందు దాన్ని సరిచేయించాను.

ఏం పనిచేసింది

మొదట ఖర్చు లేని మార్గం చూశాం. ఇన్వర్టర్‌ను నార్మల్ మోడ్‌కు మార్చాం. రిలే కొట్టడం ఆగింది, కానీ వోల్టేజి బాగా దిగిన ఒక రాత్రి సిస్టమ్ మళ్లీ రీస్టార్ట్ అయింది, రెండు రోజుల తరువాత కరెంటు పోయినప్పుడు పూర్తిగా ఆరిపోయింది. ఆ మోడ్‌లో మార్పిడి నెమ్మది కాబట్టి అది ఊహించదగినదే. ఇన్వర్టర్ తరువాత స్టెబిలైజర్ పెడదామని తండ్రి అన్నారు. వద్దన్నాను. స్క్వేర్ వేవ్ మీద స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది, వేడెక్కుతుంది. రిలే రకమైతే అది మార్చే ప్రతి మెట్టు దగ్గరా మరో చిన్న తెగింపు వస్తుంది.

చివరకు కంప్యూటర్ సాకెట్‌ను ఇన్వర్టర్ లైను నుంచి పూర్తిగా విడదీసి, నేరుగా మెయిన్స్‌కు కలిపి, మధ్యలో 600 వీఏ లైన్-ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టాం. దాని ఇన్‌పుట్ పరిధి 140 నుంచి 300 వోల్టులు. లైను తగ్గినప్పుడు వెంటనే బ్యాటరీకి పరుగెత్తకుండా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి పెంచి ఇస్తుంది. 182 వోల్టులు లోపలికి వెళ్తున్నప్పుడు బయట 212 కొలిచాను. దీనిలోనూ రిలే ఉంది, మార్పిడి సమయమూ ఉంది. కానీ ఆ క్షణానికి ఎస్ఎంపీఎస్ కెపాసిటర్ నిండుగా ఉంటుంది. నాకు కావాల్సింది ఆ నిండుదనమే. ఖర్చు ఎస్ఎంపీఎస్‌కూ ర్యామ్‌కూ వాళ్లు అప్పటికే పెట్టినదాని కంటే ఎక్కువేమీ కాలేదు.

హార్డ్ డిస్క్ సంగతి వేరే చెప్పాలి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చూస్తే, చెడిపోయి వేరేవాటితో మార్చబడిన సెక్టార్లు, మంచివో చెడ్డవో ఇంకా తేలని సెక్టార్లు రెండూ ఉన్నాయి. మాటిమాటికీ కరెంటు తెగడమే కారణమో, డిస్క్ లోపమో తేల్చలేను. ఏదైనా ఆ డిస్క్‌ను నమ్మడానికి లేదు. ఎస్ఎస్‌డీకి మార్చి, అమ్మాయి ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టాను. పోయిన ప్రాజెక్టు ఫైలు పాత ప్రతి సగం వరకు దొరికింది. ఈ కాపీ పని నేను మొదటి రోజే, మెమ్‌టెస్ట్‌కు ముందే చేసి ఉండాల్సింది. తెగిపోతున్న కరెంటు మీద ఉన్న డిస్క్‌ను నెలకు పైగా అలాగే తిప్పించాను. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

తరువాతి ఐదు నెలల్లో 41 నంబరు ఎంట్రీలు రెండు వచ్చాయి. ఒకటి యూపీఎస్ బ్యాటరీ అయిపోయేదాకా కరెంటు రాని రోజు. ఇంకొకటి ఇంటికొచ్చిన చిన్నపిల్లవాడు స్విచ్ కట్టేసిన రోజు. అమ్మాయి తేదీతో సహా రాసిపెట్టింది. వీధి వోల్టేజి గురించి తండ్రి విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చారు. కొన్ని వారాలకు వాళ్ల కనెక్షన్‌ను వేరే ఫేజ్ మీదకు మార్చారు, సాయంత్రాలు ఇప్పుడు 205 దాకా ఉంటున్నాయి.

దీని తరువాత నా పనిలో మారినవి

జాబ్ కార్డులో "ఆగిపోతోంది" అని రాయడం మానేశాను. తెర రంగు, దానంతటదే లేచిందా బటన్ నొక్కాలా, ఆ సమయంలో ఇంట్లో ఇంకేం నడుస్తోంది, ఈ మూడూ అడిగి వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. 41 నంబరు ఎంట్రీలు ఎన్ని ఉంటే అన్నీ సమయంతో రాసి, కోడ్ సున్నా ఉన్నవాటినీ లేనివాటినీ వేరు చేస్తున్నాను. ఒక కోవకు కారణం దొరికితే రెండో కోవ మిగిలే ఉందని గుర్తుంచుకోవడానికి ఆ విభజన పనికొస్తుంది. ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ పరిధి కార్డు మీద ఎక్కిస్తున్నాను. డబ్బా చురుక్కుమంటుందా అని ప్రతి ఇంటినీ అడుగుతున్నాను. ఔనంటే ఎర్త్ చూపించేదాకా పని మొదలుపెట్టడం లేదు.

అదే వీధి నుంచి తరువాత మరో రెండు రెడీమేడ్ సిస్టమ్‌లు ఇదే ఫిర్యాదుతో వచ్చాయి. రెండింటికీ డబ్బా విప్పకముందే సాయంత్రం ఏడు గంటలకు మీటరుతో ఇంటికే వెళ్లాను. ఒక ఇంట్లో ఇదే ఇన్వర్టర్ కథ. రెండో ఇంట్లో సాకెట్‌లో 224 వోల్టులు నిలకడగా ఉన్నాయి, ఇన్వర్టరే లేదు. డబ్బా వెనుక పవర్ కేబుల్ సాకెట్‌లో వదులై, బల్ల కదిలినప్పుడల్లా తెగుతోంది. సాయంత్రాలే ఎందుకంటే, పిల్లలు ఆ బల్ల మీద అన్నం తినేది అప్పుడే.